సోమవారం గరుకు

లేత్ మీదికెల్లి, అంటే ఇనుమును తిప్పి కోసే మెషిన్ మీదికెల్లి, నేను రిటైరైన. వయసు ముప్పై మూడు. నవ్వుకోండ్రి, పర్వాలేదు. ఇప్పుడు స్కూటీ డిక్కీల ఇనుము కోసే మొనలు ఏసుకొని మోకిల నుంచి షాబాద్ దాక షెడ్డు షెడ్డు తిరిగి అమ్ముత. ఏ షెడ్డుకు పోయినా ఐటీఐ అయిపోయి కొత్తగ చేరిన పోరలు చుట్టూ మూగి, "అన్నా, నీ సర్వీసుల పెద్ద కేసు ఏదన్నా?" అని అడుగుతరు. నేనేదో పోలీసు సర్వీసు చేసినట్టు. వేళ్లు తెగిన కథ ఒకటన్న చెప్తనని వాళ్ల ఆశ. నా వేళ్లు పదికి పది ఉన్నయ్, నిరాశపడకండ్రి. నేను చెప్పేది ఇంకొకరి చేతుల కథ.

మొయినాబాద్ దాటి చేవెళ్ల దిక్కు పోతుంటే రోడ్డు పక్కన మా రేకుల షెడ్డు. ఒక పక్క ఫంక్షన్ హాలు, ఇంకో పక్క బంతిపూల తోట. పెండ్లిళ్ల రోజులల్ల బ్యాండు చప్పుడుకు మా మెషిన్ల చప్పుడు మాకే ఇనపడకపోతుండె. లోపల కంప్యూటర్‌తోని నడిచే సీఎన్‌సీ లేత్‌లు రెండు, ఒక కంప్రెసరు, ఒక ఫ్యాను. ఫ్యాను సేటు కూసునే దిక్కే తిరుగుతది, అది దాని తయారీల లోపం అని సేటు చెప్పేటోడు.

సేటుది చేవెళ్ల. వాళ్ల తాతల కాలం నుంచి బజార్ల నూనె దుకాణం ఉన్నది. అన్నలిద్దరు దుకాణంల కూసుంటే ఈయనొక్కడు ఇనుము పనికి వచ్చిండు. వాళ్లింట్ల ఇప్పటికీ ఆ సంగతి ఎవరికో జబ్బు చేసినట్టు మెల్లగ మాట్లాడుకుంటరట.

మెషిన్లకు అసలు యజమాని మాత్రం పెద్దన్న. ముడిమ్యాల మనిషి. షెడ్డుకు రేకులు పడకముందు నుంచి ఉన్నడు. మేమందరం పెద్దన్న అంటం, సేటు ఒక్కడు మేస్త్రీ అంటడు. నాకు పని నేర్పింది ఆయనే. ఆయన నేర్పుడు చాలా సులువు. తప్పు చేస్తే నెత్తి మీద ఒకటి పడ్తది. సరిగ్గ చేస్తే ఏమీ పడదు. నేను ఆ ఏమీ పడకపోవుడునే మెచ్చుకోలు అనుకొని బతికిన.

మేము చేసేది డెయిరీల పాల పంపులల్ల తిరిగే స్టీలు షాఫ్టులు. చూడనీకి పప్పుగుత్తి కాడంత ఉంటది, గని దాని నునుపు అద్దంలెక్క ఉండాలె. ఎందుకంటే, గరుకున్న కాడ పాలు చిక్కుకుంటయ్, చిక్కుకున్న పాలు పులుస్తయ్, పులిసిన పాలు ఇంటింటికీ పోతయ్. అందుకే ఆ నునుపుకు ఒక లెక్క పెట్టిన్రు. షాఫ్టులు కొలిచి పాస్ చేసే మా క్వాలిటీ అక్క దగ్గర సబ్బుపెట్టె అంత మెషిన్ ఉంటుండె. దాని సూది షాఫ్టు మీద నడిచి గరుకెంతనో నంబరు చూపిస్తది. పాయింట్ ఎనిమిది దాటిందంటే ఆ షాఫ్టు తుక్కు కింద లెక్క.

మెషిన్ స్టీలును కోస్తుంటే వేడి పుడ్తది. వేడి తగ్గనీకి, మొన జారనీకి, నూనె కలిపిన తెల్లటి నీళ్లు పైపుతోని ఆడ పోస్తనే ఉంటం. దాన్ని కూలెంట్ అంటం. అవి కింద ట్యాంకుల పడి, జల్లెడల వడిసి, మళ్ల పైపులకు ఎక్కుతయ్. ఒకే నీళ్లు తిరిగి తిరిగి వస్తుంటయ్ అన్నది గుర్తు పెట్టుకోండ్రి. ఈ కథల దొంగ ఆ దారిలనే దొరుకుతడు.

ఆ నూనె భూమిల నుంచి తోడే రాతినూనె నుంచి తీసింది. ఏండ్ల తరబడి దాంట్ల చేతులు ముంచీ ముంచీ పెద్దన్న తోలు చెడిపోయింది. వేళ్ల సందులల్ల నెర్రెలు. గట్టిగ పిడికిలి పడ్తే రక్తం. గ్లౌజులు ఏసుకోవచ్చు గద అంటరు మీరు. తిరిగే మెషిన్ గ్లౌజును పట్టిందంటే గ్లౌజొక్కటే తీసుకొని ఊకోదు. కాబట్టి వట్టి చేతులే.

షెడ్డుల అందరం కలిసి తింటం. తొక్కుల కారం తగిలితే చేతులు మండుతున్నయని పెద్దన్న చెంచాతోని తినుడు మొదలుపెట్టిండు. చెంచాతోని అన్నం తినేటోళ్లను మీరు చూసుంటరు. చెంచాతోని జొన్నరొట్టె తినేటోణ్ని చూసిన్రా? నేను చూసిన. మొదటి రోజు, "పెద్దన్న ఆఫీసరైండు" అని అందరికంటే ముందు నవ్వింది నేనే. రెండో రోజు నాకు నవ్వు రాలే.

చేవెళ్ల దవాఖాన్ల డాక్టరమ్మ చూసి, "నూనె మారుస్తవా, పని మారుస్తవా?" అని అడిగిందట.

"ఏం జెప్పినవ్ పెద్దన్నా?"

"ఏం జెప్త? ఈ వయసుల నాకింకేం పనొస్తది రా? పక్క ఫంక్షన్ హాలు గేటు కాడ సెల్యూట్ కొట్టాలె."

"నువ్వు సెల్యూట్ కొడ్తే పెండ్లికొడుకు బయపడి వాపస్ పోతడు."

ఆయన నవ్విండు. నవ్వుతనే చేతులు వెనక పెట్టుకున్నడు. ఆ వెనక పెట్టుకునుడు నాకు నచ్చలే. నూనె మార్చాలె, ఇంకో మాట లేదు అని ఆ పొద్దే మనసుల గట్టిగ అనుకున్న. నేను దేన్నన్న గట్టిగ అనుకునుడు అంతకుముందు జరగలే కాబట్టి, ఆకలేమో అనుకున్న మొదట. అన్నం తిన్నంక గుడ పోలే.

మొక్కల నూనెలతోని చేసిన కూలెంట్ ఉంటదని క్వాలిటీ అక్క ఫోన్‌ల చూసి చెప్పింది. ఇద్దరం సేటు కాడికి పోయినం.

"మొక్కల నూనెనా?" సేటు కండ్లు మెరిసినయ్. "అరే, బయట ఎందుకు? మా అన్న దుకాణంల కుసుమ నూనె పీపాలు పీపాలున్నది!"

"సేటూ, అది తాలింపుకు..." అని అక్క అంటుంటేనే పీపా వచ్చింది.

కుసుమ నూనె నీళ్లు కలపకుంట అట్లనే పోసినం. మెషిన్ నడిచింది. పొగ లేసింది. షెడ్డంత మిర్చిబజ్జీల బండి లెక్క కమ్మగ వాసన. ఫంక్షన్ హాలు వాచ్‌మన్ గోడ మీదికెల్లి తొంగిచూసి, "ఏమన్న ఫంక్షనా?" అన్నడు. పొద్దూకే వరకు మేమందరం ఆకలితోని పని చేసినం. రెండు రోజులకు ఆ నూనె ఎండి జిగట పట్టింది, మెషిన్ తలుపు ఫ్రేముకు అతుక్కపోయింది. తలుపు తీయనీకి సేటు ఒక దిక్కు, నేనొక దిక్కు గుంజినం. తలుపు రాలే, పట్టుకున్న పిడి వచ్చింది.

"వంట నూనె వేరు సేటూ, ఇది వేరు. నీళ్లల్ల కలిసేటట్టు తయారు చేసింది కావాలె" అని అక్క ఈసారి మాట పూర్తి చేసింది. సేటు ఒక డ్రమ్ము తెప్పిస్త అన్నడు, గని షరతు పెట్టిండు.

"పాల పంపుల కంపెనీ ఇంజనీరును పిలుస్త. ఆయన కండ్ల ముందట కోసి, ఆయన చేతుల కొలవాలె. పాసైతే ఈ నూనె ఉంటది. ఫెయిలైతే పాతదే. నాకు మేస్త్రీ అంటే ప్రాణం. గని ఆర్డర్ పోతే షెడ్డే ఉండదు, నేను పోయి మా అన్న పక్కన కూసోవాలె."

అది సేటు చెప్పిన మాటలన్నిట్ల నిజమైనది. పాత నూనె వాపసు వస్తే పెద్దన్న పోవుడే. ఇది షెడ్డుల అందరికీ ఎరుకే.

డ్రమ్ము వచ్చింది. అమ్మినాయన ఫోన్‌ల జాగ్రత్తలు చెప్పిండు. "ఇది మొక్కల నుంచి వచ్చింది. పాతదాంట్ల ఉన్నంత క్రిముల మందు దీంట్ల లేదు. ట్యాంకుల చాయ్ పడనియ్యొద్దు, ఉమ్మొద్దు, తిండి పడనియ్యొద్దు." మేమందరం ఒట్టు పెట్టుకున్నం. ఒకాయన గుట్కనే బంద్ చేసిండు. ఆయన భార్య మాకు ఫోన్ చేసి దండం పెట్టింది.

మొదటి వారం షాఫ్టులు చూస్తే ముఖం కనపడ్తుండె. నా ముఖం కాబట్టి అది పెద్ద లాభం కాదు, గని నంబరు మంచిగొచ్చింది. పెద్దన్న ఆ తెల్లటి నీళ్లల్ల చెయ్యి పెట్టి కొంచెంసేపు అట్లనే ఉంచిండు. "సల్లగున్నది రా" అన్నడు. అంతే అన్నడు.

తర్వాత సోమవారం వచ్చింది.

షెడ్డు తీస్తే పులిసిన మజ్జిగ వాసన. ట్యాంకు మీద మీగడ కట్టినట్టు నూనె విడిపోయి తేలుతున్నది. మొదటి షాఫ్టు కోసినం. స్టీలు మొనకు అతుక్కొని, చిరిగి, షాఫ్టు మీద గీతలే గీతలు. అక్క మెషిన్ ఒకటిన్నర చూపించింది. ట్యాంకు కడిగి కొత్త నూనె కలిపితే మళ్ల అద్దం. శనివారం దాక అద్దమే. వచ్చే సోమవారం మళ్ల మజ్జిగ, మళ్ల గరుకు.

ఇగ ఎవరికి తోచింది వాళ్లు చెప్పుడు మొదలైంది. సేటు బోరునీళ్ల తప్పన్నడు. అమ్మినాయన మా మొనల తప్పన్నడు. మొనల కంపెనీ నా తప్పన్నది. ఫంక్షన్ హాలు వాచ్‌మన్ దిష్టి అన్నడు, ఆయన్ని ఎవరూ అడగకపోయినా. ట్యాంకు కడిగినప్పుడల్ల డ్రమ్ముల నూనె తగ్గుతున్నది, ఇంజనీరు వచ్చే దినం దగ్గర పడ్తున్నది.

"సోమవారంనాడే ఎందుకక్కా?" అని అడిగిన.

"ఆదివారం మెషిన్లు బంద్ ఉంటయ్, నీళ్లు నిలుస్తయ్, రేకుల వేడికి పులుస్తయ్" అన్నది అక్క. "గని ఊకె పులవద్దు. పులవనీకి అందుల ఏమన్న తిండి ఉండాలె."

"తిండి పడనిస్తలేం గద."

"ఏదో పడ్తనే ఉన్నది."

ఆ సోమవారం ట్యాంకు నేనే కడిగిన. లోపలికి దిగి, జల్లెడ ఊడపీకి, గోళ్లతోని గీకిన. ఉక్కు తునకల నడుమ ఏదో మెత్తగ తగిలింది. తీసి చూస్తే బంతిపూల రెక్కలు, కొబ్బరి పీచు. ఇంకా గీకితే వేలి గోరంత తెల్లటి కొబ్బరి ముక్క, పాచి పట్టి ఉన్నది.

ఆ ముక్క జేబుల ఏసుకున్న.

మా షెడ్డుల ప్రతి శుక్రవారం పొద్దుగాల మెషిన్లకు పూజ ఉంటది. తుడిచి, పసుపు కుంకుమ పెట్టి, పక్క తోట బంతిపూలు ఏసి, కొబ్బరికాయ కొట్టి, ఆ నీళ్లు మెషిన్ లోపల షాఫ్టును పట్టి తిప్పే చక్ మీద పోస్తం. ఏండ్ల ఆనవాయితీ. పోసిన నీళ్లు ఎటు పోతయ్? ట్యాంకులకే పోతయ్. పాత నూనెల ఉన్న మందుకు ఏ క్రిమీ బతకకపోతుండె, కాబట్టి ఎన్ని కాయలు కొట్టినా ఏం కాలే. కొత్త నూనెల ఆ మందు తక్కువ. మేము చాయ్ పడకుంట కాపాడినం, ఉమ్ము పడకుంట కాపాడినం. కొబ్బరికాయ మాత్రం ఎవరికీ తిండి లెక్కల రాలే, దేవుని లెక్కల పోయింది.

ఇంకో సంగతి. ఆ కాయ కొట్టేది పెద్దన్న. కొత్త నూనె వచ్చినప్పటి నుంచి ఆయన ఒక కాయ బదులు రెండు కొడ్తున్నడు. ఈ నూనె నిలవాలని మొక్కుకున్నడట.

అనుమానం పెట్టుకొని పెద్దమనిషి ముంగట నిలబడలేం. నేనూ అక్కా రెండు బకెట్లల్ల కొత్త కూలెంట్ కలిపినం. ఒకదాంట్ల ట్యాంకు లెక్కకు తగ్గట్టు కొబ్బరినీళ్లు, బంతి రెక్కలు ఏసినం. ఇంకోదాంట్ల ఏం ఏయలే. రెండూ రేకు కింద పెట్టినం. రెండు పొద్దులకు ఒకటి మజ్జిగైంది, ఒకటి అట్లనే ఉన్నది. అక్క రంగు మారే కాగితం పట్టి ముంచి చూసింది. మజ్జిగ బకెట్‌ల పట్టి ఇంకో రంగు తిరిగింది.

"పులిసింది" అన్నది అక్క.

"ఆ సంగతి నా ముక్కు పొద్దుగాలనే చెప్పింది" అన్న.

బకెట్లు తీసుకపోయి పెద్దన్న ముంగట పెట్టిన. జల్లెడల దొరికిన కొబ్బరి ముక్క చూపించిన. జోకు వెయ్యాలని నోరు తెరిచి మూసుకున్న. సర్వీసుల అది మొదటిసారి.

ఆయన రెండు బకెట్లు వాసన చూసిండు. ముక్కను చేతుల పట్టుకొని తిప్పిండు.

"అంటే, నేనే పాడు చేసిన్నంటవ్."

"నువ్వు గాదన్నా, నీళ్లు..."

"నీళ్లు పోసిందెవరు రా?" గొంతు లేసింది. "దేవునికి పెడ్తే పాడైతదా? ఎవడు నేర్పిండు నీకీ మాటలు?"

"దేవునికి పెడ్తే పాడుగాదు పెద్దన్నా. ట్యాంకుల పెడ్తే పాడైతది."

"దేవుడు మెషిన్ల లేడా?"

"ఉన్నడు. ఉన్నడు గనకనే ఆయన్ను ఆదివారమంత మజ్జిగల నానబెట్టొద్దంటున్న."

నెత్తి మీద ఒకటి పడ్తదనుకున్న. పడలే. ఆయన లేసి బయటికి పోయిండు. ఆ పొద్దంత నాతోని మాట్లాడలే. "నీకు పని తప్ప మనిషితోని మాట్లాడుడు రాదు" అన్నది అక్క. నాకు పని గుడ రాదని చెప్పేటోళ్లు మస్తుగున్నరు కాబట్టి దాన్ని మెచ్చుకోలు కింద ఏసుకున్న.

డ్రమ్ముల ఇంకొక్క ట్యాంకుకు సరిపోయే నూనె మాత్రమే మిగిలింది. ఇంజనీరు సోమవారం వస్తనన్నడు. వారంల ఐదు రోజులు మా షాఫ్టులు అద్దాలే. ఆయనకు సోమవారమే దొరికింది. ఆయన ముందట ఏ అనుమానం ఉండొద్దని గురువారం ట్యాంకు మళ్ల కడిగి ఆఖరి నూనె కలిపినం. ఇగ తెల్లారితే శుక్రవారం.

శుక్రవారం పొద్దుగాల సేటు పట్టుపంచె కట్టుకొని దిగిండు. చేతుల సంచి, సంచిల కొబ్బరికాయలు. పెద్ద దినం వస్తున్నదని పూజ గట్టిగ చెయ్యాలని వచ్చిండు. సేటుకు మేం ఇంకా చెప్పలే. పెద్దన్న ఒప్పుకోకుంట సేటుకు చెప్పుడంటే పెద్దన్న మీద ఫిర్యాదు చేసినట్టైతదని నేనే ఆపిన. ఇప్పుడు ఆ సంచి చూస్తే, ఆపి తప్పు చేసిన్నా అనిపించింది.

పెద్దన్న మెషిన్లు తుడిచిండు. పసుపు కుంకుమ పెట్టిండు. అగర్బత్తి ముట్టించిండు. సేటు కాయ అందించిండు. పెద్దన్న కాయ పట్టుకొని మెషిన్ కాడికి నడిచిండు, చక్ మీదికి చెయ్యి లేపిండు.

ఆ చెయ్యి అట్లనే ఆగింది. కాయ కన్న ఆయన తన వేళ్లనే చూసుకుంటున్నడు అనిపించింది నాకు. వెనక్కి తిరిగి షెడ్డు గడప దాక పోయి, ఆడ కొట్టిండు. నీళ్లు మన్నుల ఇంకినయ్.

"మేస్త్రీ!" సేటు పరేషానైండు. "మెషిన్ మీద గద కొట్టేది?"

"దేవుడు గడపల నుంచే వస్తడు సేటూ. లోపలికి తొవ్వ ఆయనకు ఎరుకే."

"ఏండ్ల ఆనవాయితీ! ఇంత పెద్ద దినం ముందట తప్పుతవా?" సేటు సంచిలకెల్లి ఇంకో కాయ తీసుకొని తానే మెషిన్ దిక్కు ఉరికిండు. పట్టుపంచెతోని ఉరుకుడు అంత సులువు కాదు, అందుకే పెద్దన్న ముందు చేరిండు. మెషిన్ తలుపు గుంజి మూసి, దానికి వీపు ఆనించి నిలబడ్డడు.

"కొట్టు సేటూ. నా నెత్తి మీద కొట్టు. నీళ్లు మాత్రం లోపలికి పోనియ్య."

"నీకేమన్న అయిందా మేస్త్రీ?"

"నెలనుంచి నేనే పోస్తున్న నీళ్లు. నా నూనెను నేనే పులియబెట్టుకున్న. ఆ పోరడు బకెట్లు పెట్టి చూపించిండు." నా దిక్కు చూడకుంటనే చెయ్యి చూపిండు. "నేను పూజ బంద్ చేస్తలే. గడప కాడ రోజుకొకటి కొడ్త. దీంట్లకు మాత్రం చుక్క పోనియ్య."

సేటు మమ్మల్ని చూసిండు, బకెట్లు చూసిండు, వాసన చూసిండు, ముక్కు మూసుకున్నడు. నూనె దుకాణంల పుట్టిన మనిషి, చెడిన నూనెను గుర్తుపట్టనీకి ఆయనకు కాగితం పట్టి అవసరం లేదు. చేతుల కాయను గడప కాడికి తీసుకపోయి తానే కొట్టిండు. కొట్టేటప్పుడు కొన్ని నీళ్లు పట్టుపంచె మీద పడ్డయ్. ఎవరం నవ్వలే. మా అందరి మీద పెద్ద జులుం జరిగినట్టు నవ్వు ఆపుకున్నం.

సోమవారం తలుపు తీసి ముందు ముక్కు పెట్టిన. ఏం వాసన లేదు. ట్యాంకు పాల లెక్క తెల్లగున్నది. సేటు గుడ వచ్చి ముక్కు పెట్టిండు. తర్వాత అక్క. ఇంజనీరు అప్పుడే లోపలికి వచ్చి, ముగ్గురం వంగి మెషిన్ ను వాసన చూసుడు చూసి, "నేను తర్వాత రావాలా?" అన్నడు.

చిన్న వయసాయన, మాటలు తక్కువ. మెషిన్ ఆదివారమంత బంద్ ఉన్నది గద, వేడెక్కకముందు కోసిన మొదటి షాఫ్టే కావాలన్నడు. పెద్దన్న మొన మార్చిండు, షాఫ్టు బిగించిండు, తలుపు మూసిండు, బటన్ ఒత్తిండు. తెల్ల నీళ్లు అద్దం మీద కొట్టుకుంటున్నయ్, లోపల ఏం కనపడ్తలేదు. పెద్దన్న చేతులు ముందటనే ఉన్నయ్, వెనక పెట్టుకోలే.

షాఫ్టు తీసి తుడిచి ఇచ్చిండు. ఇంజనీరు గోరుతోని గీసి చూసిండు. తన సూది మెషిన్ తీసిండు. మా అక్క మెషిన్ ను నమ్మడన్న మాట. సూది నడిచింది. నంబరు వచ్చింది. పాయింట్ ఆరు.

తిప్పి ఇంకో కాడ కొలిచిండు. పాయింట్ ఆరు. ఇంకో షాఫ్టు కోయమన్నడు. పాయింట్ ఏడు. ఇంకోటి. పాయింట్ ఆరు. సేటు పెదవులు కదులుతున్నయ్, పట్టుపంచె లేకున్నా పూజ నడుస్తున్నది లోపల.

"బాగుంది" అన్నడు ఇంజనీరు. "పోయిన లాట్‌ల కొన్ని గరుకొచ్చి తుక్కైనయన్నరు గద, ఇప్పుడేం మార్చిన్రు?"

సేటు గొంతు సవరించుకున్నడు. మొక్కల నూనె గురించి, ప్రకృతి గురించి, వాళ్ల తాత గురించి పెద్ద ఉపన్యాసం వస్తున్నదని మాకు అర్థమైంది. అంతకంటే ముందే పెద్దన్న అన్నడు:

"తలుపు మూసినం సార్."

ఇంజనీరుకు ఏం సమజ్ కాలే. తల ఊపి సంతకం పెట్టి పోయిండు. పోయేటప్పుడు గడప కాడ కొబ్బరి చిప్ప మీద కాలేసి జారిండు గని పడలే. పడి ఉంటే కథ ఇంకో తీరుగుండు.

ఇది విని మీరేం నేర్చుకుంటరో నాకు ఎరుకలేదు. నేనైతే ఒకటి నేర్చుకున్న: ఏదన్న కొత్తది షెడ్డులకు తెస్తే, దాంతోని పాటు పాత అలవాట్లు ఏవేవి దాంట్లకు కారుతున్నయో జల్లెడ విప్పి చూడాలె. మనం ప్రేమతోని పోసేది గుడ ట్యాంకులకే పోతది.

పాత నూనె డ్రమ్ము మళ్ల రాలే. పెద్దన్న చేతులు సినిమాల లెక్క ఒక్క పాటల మానలే. మెల్లగ మానినయ్, కొన్ని మచ్చలు మిగిలినయ్. నాతోని మాట్లాడుడు గుడ మెల్లగనే మొదలుపెట్టిండు. "అరే" అని ఒకసారి, "ఏమి రా" అని ఇంకోసారి.

వానలు పడ్డంక ఒక మధ్యాహ్నం అందరం తింటున్నం. మా అవ్వ పెట్టిన కొత్త మామిడి తొక్కు ఉండె నా డబ్బల. ఎర్రగ, నూనె తేలుకుంట. పెద్దన్న తన చెంచా పక్కకు పెట్టిండు. జొన్నరొట్టె తుంపిండు. అడగకుంట, చెప్పకుంట, వట్టి చెయ్యి నా డబ్బల పెట్టి, తొక్కుల అద్ది, నోట్లె పెట్టుకున్నడు. నమిలిండు. వేళ్లు చూసుకున్నడు. మండలే. మళ్ల పెట్టిండు.

ఆ రోజు నేను వట్టి రొట్టె తిన్న.